ఉత్తేజక మాదకద్రవ్యములు – గృహస్థుల కర్తవ్యము

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు నేను సంస్కృతవిద్యను గూర్చియో, మన విద్యార్థివసతిగృహమును గూర్చియో మాటలాడుదునని వారు తలచియుందురు. ముప్పదినాలుగు సంవత్సరములు పాఠశాలలో శబ్దములును, కావ్యములును చెప్పి విశ్రాంతి గొన్న నాబోటివానికి వైద్యవిషయములతో ఏమి పని యని మీ రడుగవచ్చును. నేను వైద్యుడను గాను. రసాయనశాస్త్రము చదివినవాడనును గాను. అయినను నేడు నే నెత్తుకొనిన విషయము ఎక్‌స్టసీ యను బిళ్లయు, దాని కుటుంబమునకు చెందిన ఉత్తేజక ద్రవ్యములును. పెండ్లిండ్లలోను, పంక్తిభోజనములందును మన మెన్నడును ప్రస్తావింపని విషయ మిది. ప్రస్తావింపకపోవుటవలన కలిగిన కీడును నేను కన్నులార చూచితిని గనుక చెప్పక తప్పినది కాదు.

మూడేండ్ల క్రిందట ఒకనాటి తెల్లవారుజామున నా పూర్వశిష్యుడొకడు నాకు ఫోను చేసెను. అతని కుమారుడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచుండెను. ఇరువది యేండ్లవాడు, బుద్ధిమంతుడు. ఊరివెలుపలి యొక తోటయింట జరిగిన మిత్రుని జన్మదినోత్సవమునకు పోయి, ఎవరో యిచ్చిన బిళ్ల మ్రింగి, అర్ధరాత్రము దాటువఱకు నాట్యమాడెనట. పిమ్మట ఒడలు కాలసాగెను, దవడలు బిగిసెను, మాట తడబడెను. ఆస్పత్రికి కొనిపోయినచో పోలీసులు వత్తురని యొకడు, ఇండ్లలో తెలిసిపోవునని మఱియొకడు వెనుదీసిరి. నిద్రించిన తగ్గునని తలచి వానిని కారులో పరుండబెట్టి రెండు గంటలు కూర్చుండిరి. కడకు వారిలో చిన్నవాడు ధైర్యము చేసి 108కి ఫోను చేసెను. పిల్లవాడు బ్రదికెను. కాని వేడిమిచే కండరములు చెడి, అందుండి వెలువడిన పదార్థము మూత్రపిండములను దెబ్బతీయుటచే పదునెనిమిది దినములు డయాలిసిస్ చేయవలసివచ్చెను.

బంధువులకు విషజ్వరమని చెప్పిరి. నన్నును అట్లే చెప్పుమనిరి. నేనును అట్లే చెప్పితిని. సత్యమునే పలుకుమని వేలమంది బాలురకు బోధించినవాడనే యసత్యమాడితిని. ఆ తండ్రి యనుమతించినందువలననే నేడీ సంగతి చెప్పుచున్నాను. పేరును, ఊరును దయచేసి యడుగవలదు.

ఇక విషయమునకు వత్తును. ఎక్‌స్టసీ యను పదమునకు మూలము గ్రీకు భాష. తననుండి తాను వెలుపలికి వచ్చి నిలుచుట యని దాని తొలి యర్థము. మన పారవశ్య శబ్దమున కర్థము పరునికి వశమగుట. పేరు పెట్టినవాడు వర్తకుడే యైనను, అతడు తెలియకయే నిజము చెప్పినాడు. ఈ ద్రవ్యముయొక్క శాస్త్రనామము మిథిలీన్ డయాక్సీ మెథాంఫెటమిను, పొడియక్షరములలో ఎం.డి.ఎం.ఏ. బిళ్లగా నున్నప్పుడు ఎక్‌స్టసీ, పొడిగానో స్ఫటికముగానో యున్నప్పుడు మోలీ యని పిల్లలు వ్యవహరింతురు. యాంఫెటమినును, క్రిస్టల్ లేక ఐస్ అనబడు మెథాంఫెటమినును దీనికి జ్ఞాతులు. ఎం.డి. యని యిప్పుడు నగరములలో వినవచ్చు మెఫెడ్రోను దూరపు దాయాది. పేర్లలోని సామ్యముచే ఒకదానికి మాఱుగా వేఱొకటి చేతికి వచ్చుటయు కలదు.

ఈ వంశచరిత్రము వినదగినది. వేదములందు స్తుతింపబడిన సోమలత యేదియో పండితులలో వివాదము కలదు. ఎఫెడ్రా యను పొదయే సోమమని కొందఱందురు, కాదని కొందఱందురు. ఆ వివాదములో నేను ప్రవేశింపను. ఆ పొదను చీనావారు మాహ్వాంగ్ అను పేర ఉబ్బసమునకును, దగ్గునకును చిరకాలముగా వాడుచుండిరి. 1885లో జపానుదేశీయుడగు నాగై నాగయోషి దానినుండి ఎఫెడ్రిను అను సారమును వేఱుచేసెను. 1893లో ఆయనయే ఆ ఎఫెడ్రినునుండి మెథాంఫెటమినును చేసెను. అంతకు ముందే 1887లో బెర్లినునందు లాజర్ ఎడెలెయాను అను రుమేనియాదేశీయుడు యాంఫెటమినును చేసియుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున నిద్రయు నాకలియు తెలియకుండుటకై జర్మను సైనికులకు పెర్విటిను అను పేరను, జపానువారికి హిరోపోను అను పేరను మెథాంఫెటమిను బిళ్లల నిచ్చిరి. యుద్ధము ముగిసిన పిదప నిలువయున్న సరకు జనులలో పడి జపానుదేశమున గొప్ప వ్యసనమై వ్యాపించెను. 1951లో ఆ ప్రభుత్వము ప్రత్యేకశాసనము చేయవలసివచ్చెను.

ఎక్‌స్టసీ పుట్టుక వేఱు. 1912లో జర్మనీయందలి డార్మ్‌స్టాట్ నగరమున మెర్క్ సంస్థలో అంటోన్ కొల్లిష్ అను రసాయనజ్ఞుడు రక్తస్రావమును నిలుపు ఔషధమునకై పనిచేయుచు, నడిమార్గమున దీనిని చేసెను. ఆకలిని చంపుటకై చేసిరని లోకమున ప్రచారములో నున్న మాట సరికాదు. అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు పైగా దీనిని పట్టించుకొన్నవారు మిక్కిలి యరుదు. 1978లో అమెరికాయందు అలెగ్జాండర్ షుల్గిన్, డేవిడ్ నికల్స్ అను శాస్త్రజ్ఞులు మనుష్యులపై దీని ప్రభావమును గూర్చి వ్రాసిరి. కొందఱు మానసికవైద్యులు రోగులకు వాడిచూచిరి. కొలది యేండ్లలోనే టెక్సాసు రాష్ట్రపు నాట్యశాలలలో ఇది బాహాటముగా అమ్మకమునకు వచ్చెను. 1985 జూలై 1వ తేదీన అమెరికాప్రభుత్వము దీనిని నిషేధించెను. 1986లో ఐక్యరాజ్యసమితివారి పట్టికలోను చేరెను.

ఇది శరీరములో నేమి చేయును? మెదడునందలి నాడీకణములు ఒకదానికొకటి వార్తల నందించుటకు కొన్ని రసాయనములను దూతలుగా పంపును. అందు సెరటోనిను ఒకటి. మనస్సుయొక్క నెమ్మది, నిద్ర, ఆకలి, ఒంటివేడిమి దానిపై చాలవఱకు ఆధారపడియున్నవి. గృహస్థుడు సంవత్సరమునకు సరిపడు ధాన్యమును గాదెలో నుంచుకొని దినదినము కొలుచుకొనునట్లు, కణములు దానిని నిలువచేసి కొంచెము కొంచెముగా వెచ్చించును. ఎక్‌స్టసీ గాదెతలుపు నొక్కమాఱుగా తెఱచును. అరగంట మొదలు గంటలోపల ప్రభావము మొదలగును. మూడు మొదలు ఆఱు గంటలవఱకు నిలుచును. ఆ సమయమున అపరిచితుడును అన్నదమ్మునివలె దోచును, అలసట తెలియదు. ఇది యబద్ధము గాదు. ఆ సుఖము కలుగుటచేతనే పిల్లలు దానిని కోరుచున్నారు. పిదప గాదె వెలితి పడును. రెండుమూడు దినములకు దిగులు, చిరాకు, నిద్రలేమి కలుగుట పలువురి యనుభవము. తఱచుగా వాడువారిలో జ్ఞాపకశక్తి తగ్గుటయు గుర్తింపబడినది.

చరకసంహితయందు మదాత్యయచికిత్స యను అధ్యాయము కలదు. అది మద్యమును గూర్చినదే గాని ఈ బిళ్లను గూర్చినది గాదు. అయినను మదమునకు మూడు దశలని యాచార్యుడు చెప్పిన పద్ధతి మనకు నేడును ఉపకరించును. మొదటి దశలో ఉల్లాసము, రెండవ దశలో వివేకము సడలుట, మూడవదశలో తెలివిదప్పి కొయ్యవలె పడియుండుట. మొదటిదశ సుఖమును ఆచార్యుడు దాచలేదు. ఉన్నదానిని ఉన్నదని చెప్పి, పిమ్మట రాబోవుదానిని చెప్పెను. ఈ నిజాయితీని మనము నేర్చుకొనవలసియున్నది.

ఇక ప్రమాదములు. అన్నింటికంటె మొదటిది వేడిమి. ఈ ద్రవ్యము ఒంటివేడిమిని పెంచును. చర్మమునందలి రక్తనాళములను ముడిచి ఆ వేడి వెలికి పోనీయదు. క్రిక్కిఱిసిన గదిలో గంటలకొలది నాట్యమాడువానికి అలసట తెలియదు గనుక ఆగడు. వేడిమి 104 డిగ్రీలు దాటినచో కండరములు కరగును, మూత్రపిండములు చెడును, రక్తము గడ్డకట్టు క్రమము తప్పును. నా శిష్యుని కుమారునికి జరిగినది ఇదియే.

రెండవది నీరు. ఇది వినువారికి వింతగా తోచును. వేడి యని భయపడి కొందఱు బిందెలకొలది నీరు త్రాగుదురు. కాని ఈ ద్రవ్యము, నీటిని బయటికి పోనీయని హార్మోనును శరీరములో పెంచును. అప్పుడు రక్తములోని సోడియము పలుచనై మెదడు వాచును. 1995 నవంబరులో ఇంగ్లండునందు ఎసెక్సు మండలమున పదునెనిమిదవ జన్మదినము జరుపుకొనుచున్న బాలిక యొకతె బిళ్ల మ్రింగి గంటన్నరలో ఇంచుమించు ఏడు లీటర్ల నీరు త్రాగి, అందువలననే మరణించెను. ఆ బాలికకు నీరు మేలు చేయునని చెప్పినవారుండిరి గాని, మితిమీరిన చంపునని చెప్పినవారు లేకపోయిరి.

మూడవది కల్తీ. బిళ్లపై ముద్ర యేదైనను లోపలి సరకునకు పూచీ లేదు. పి.ఎం.ఎం.ఏ. యనునది తోబుట్టువువలె నుండును గాని మిక్కిలి విషమైనది; ఆలస్యముగా పనిచేయును. పనిచేయలేదని తలచి రెండవది మ్రింగినవాడు రెండింటి విషమునకును ఒక్కమాఱే గుఱియగును. 2014 డిసెంబరు కడపట, 2015 జనవరి మొదట ఇంగ్లండునందు సూపర్‌మ్యాన్ ముద్రగల యెఱ్ఱబిళ్లలవలన నలుగురు చనిపోయినది ఇట్లే. సరకు శుద్ధమైనను రెండవబిళ్ల లెక్కకు లొంగదు. కాలేయమున ఈ ద్రవ్యమును విఱుచు సాధనమును మొదటిబిళ్లయే కట్టివేయును గనుక రక్తములోని మోతాదు రెండింతలకు మించి పెరుగును.

నాలుగవది ఇతరౌషధములతో కలయిక. మనోవ్యాధులకు వాడు కొన్ని మందులతో, ముఖ్యముగా ఎం.ఏ.ఓ. నిరోధకములను జాతితో కలిసినచో ప్రాణహాని కలుగును. గుండెజబ్బును, రక్తపుపోటును గలవారికి ఒక్క బిళ్లయు చాలును. ఇక మెథాంఫెటమిను సంగతి వేఱు. అది వ్యసనమును శీఘ్రముగా కలిగించును. దంతములను, గుండెను చెఱచును. లేనివారు తన్ను తఱుముచున్నట్లు భ్రమను గొలిపి ఉన్మాదమున పడవైచును.

ఇంతవఱకు కీడులను చెప్పితిని. ఇక మఱియొక కీడును చెప్పుదును. అది మనవంటి పెద్దలు చేయునది. భయపెట్టుటకై లేనిపోనివి చెప్పుట. 2002లో అమెరికాయందు ఒక ప్రసిద్ధ పత్రికలో, ఒక్క రాత్రి వాడునంత ఎక్‌స్టసీయే కోతులమెదడును తీవ్రముగా చెఱచెనని ఒక పరిశోధన వెలువడెను. లోకమంతయు దానిని చాటెను. 2003లో ఆ శాస్త్రజ్ఞులే దానిని ఉపసంహరించుకొనిరి. సీసాలపై పేరు తాఱుమాఱై, కోతులకిచ్చినది మెథాంఫెటమిను అని తేలెను. తప్పొప్పుకొనుట వారి గౌరవము. కాని మొదటిమాట వినినవారందఱును రెండవమాట వినలేదు. ఒక్క బిళ్ల వేసికొన్నవాడు మఱి బ్రదుకడని మనము పిల్లలతో చెప్పుదుము. వేసికొనిన స్నేహితుడు మఱునాడు తరగతికి వచ్చి కూర్చుండుట వారు చూతురు. అంతటితో మనము చెప్పిన నిజములును అబద్ధములలో కలిసిపోవును.

చదువుకొన్న పిల్లలు, ఇది మందుగా పనికివచ్చుచున్నది గదా యని యడుగుదురు. ఆ ప్రశ్నకును సూటిగా బదులు చెప్పవలెను. ఘోరానుభవములచే మనస్సు గాయపడినవారికి దీనితో చికిత్స చేసి, మేలు కనబడెనని 2021లోను, 2023లోను పరిశోధనలు ప్రకటింపబడినవి. 2023 జూలై 1వ తేదీనుండి ఆస్ట్రేలియాలో ప్రత్యేకానుమతిగల మానసికవైద్యులు దీనిని వాడవచ్చును. అమెరికా యౌషధశాఖవారు మాత్రము 2024 ఆగస్టులో ఆధారములు చాలవని అనుమతి నిరాకరించిరి. అచ్చట మాత్ర పరీక్షింపబడినది; మోతాదు కొలిచినది; గుండె ముందుగా పరిశీలింపబడినది; గంటలకొలది వైద్యులు చెంతనుందురు; మొత్తముమీద రెండుమూడు మాఱులే యిత్తురు. తోటయింట చీకటిలో అపరిచితుడిచ్చిన బిళ్లకు వీనిలో ఒక్కటియు లేదు. శస్త్రవైద్యుని చేతికత్తిని చూపి దారిలోని కత్తిని సమర్థింపరాదు.

చట్టమును గూర్చి నాలుగు మాటలు. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల శాసనము ననుసరించి ఎం.డి.ఎం.ఏ. అర గ్రామునకు లోపల చిన్నపరిమాణము. 10 గ్రాములకు మించినది వాణిజ్యపరిమాణము. చిన్నపరిమాణము కలిగియుండినను ఒక సంవత్సరమువఱకు కఠినశిక్షయో, పదివేల రూపాయలవఱకు జరిమానాయో, రెండునో కలుగును. వాణిజ్యపరిమాణమైనచో పదేండ్లకు తక్కువగాని శిక్ష. స్నేహితులకు పంచుటయు నేరమే యని పిల్లలకు తెలియదు. అయితే అదే శాసనమున 64-ఏ యను విధి కలదు. వ్యసనమునకు లోబడి, సేవించుటకో చిన్నపరిమాణమునకో సంబంధించిన నేరము మోపబడినవాడు తానై చికిత్సకు వచ్చి ప్రభుత్వముచే గుర్తింపబడిన వైద్యశాలలో చికిత్స పొందినచో విచారణనుండి విముక్తి పొందవచ్చును. చట్టముకూడ తెఱచియుంచిన ఈ తలుపును మన యిండ్లు మూయుట న్యాయమా?

ఇదంతయు పరదేశపు గొడవ యని కొందఱికి తోచవచ్చును. 2017 జూలైలో తెలంగాణ ఆబ్కారీశాఖవారు హైదరాబాదులో ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఏ. అమ్ముచుండినవారిని పట్టుకొన్నప్పుడు, కొన్నవారిలో బడిపిల్లలు కూడ ఉన్నారని వినియే తల్లిదండ్రులు నిర్ఘాంతపోయిరి. 2022 డిసెంబరులో ఆ నగరపరిసరములందే మెఫెడ్రోను చేయు రహస్యకర్మశాలలను కేంద్రాధికారులు పట్టుకొనిరి. అట్లని కొండంతలు చేయవలదు. ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు 2019లో ప్రకటించిన గణనములో, పది మొదలు డెబ్బదియైదేండ్ల వయస్సువారిలో ఈ యాంఫెటమిను జాతి ద్రవ్యములను వాడువారు నూటికి 0.18 మంది, మద్యము త్రాగువారు నూటికి 14.6 మంది. కావున బిళ్లను నిందించుచు విందులలో సీసాలు తెఱపించు గృహస్థుని మాట కొడుకు లెక్కచేయడు. ఈ సభామండపమున కూర్చుండిన మనలో ఎందఱికీ మాట తగులునో ఎవరికివారే యెఱుగుదురు.

మొదట చెప్పిన పిల్లవాని కథకు శేషము కలదు. మనమందఱమును విషజ్వరమనుచుండగా వాడు మాత్రము ఏడాది తరువాత తన పినతండ్రికొడుకును పిలిచి జరిగినది జరిగినట్లు చెప్పెను. బిళ్ల యెట్లుండెను, మొదట నెట్టి యానందము కలిగెను, పిమ్మట ఒడ లెట్లు కాలెను, ఆ రెండు గంటలు ఎట్లు వృథాయయ్యెను, అన్నియు చెప్పెను. కొన్ని నెలలకు ఆ తమ్ముడు బెంగుళూరులో తన గదిలోని మిత్రునియందు ఆ లక్షణములనే చూచెను. వెంటనే వానిని చల్లని చోటికి చేర్చి, తడిగుడ్డలు కప్పి విసరుచు, 108కి ఫోను చేసి, మ్రింగినదేమో వైద్యునికి దాచక చెప్పెను. ఆ పిల్లవాడు మూడవనాడు తననడకతో ఇంటికి వచ్చెను. మిత్రుని తండ్రి ఆ తమ్మునికి ఫోను చేసి యేడ్చెనట. అట్లు ఒక ప్రాణము నిలిచినది మన బోధనలవలన గాదు. సిగ్గు విడిచి నిజము చెప్పిన యొక పిల్లవానివలన. ఈ మాట విన్ననాడు నేను తలవంచుకొంటిని.

కులప్రతిష్ఠ, వంశగౌరవము అను మాటలు ఇట్టి సభలలో తఱచుగా వినబడును. నేనును వానిని ప్రేమించువాడనే. కాని పిల్లవాని ప్రాణముకంటె ఇంటిపేరు గొప్పదను భావము ఎక్కడనుండి వచ్చినదో నాకు తెలియదు. దాచిన వ్యాధికి మందు లేదు. దాచుటవలన నిలుచు ప్రతిష్ఠ ప్రతిష్ఠయే కాదు.

కావున సభవారికి మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది: మన వసతిగృహములందు ప్రతివత్సరారంభమున ఒక వైద్యునిచే ఈ విషయమును దాపరికము లేకుండ, అతిశయోక్తి లేకుండ చెప్పింపవలెను. ఒళ్లు కాలుట, దవడలు బిగియుట, తెలివి తప్పుట, ఫిట్లు వచ్చుట కనబడినచో 108కి ఫోను చేయవలెననియు, బలవంతముగా నీరు త్రాగింపరాదనియు, తెలివి తప్పినవానిని ప్రక్కకు ఒత్తిగిల్లజేసి పరుండబెట్టవలెననియు, వైద్యునికి నిజము చెప్పవలెననియు గోడపై వ్రాయింపవలెను. రెండవది: ఆపదలోనున్న మిత్రుని ఆస్పత్రికి చేర్చిన విద్యార్థిని వసతిగృహమునుండి వెడలగొట్టమని కార్యనిర్వాహకసంఘము తీర్మానింపవలెను. మూడవది: వ్యసనమున పడినవారికి కేంద్రప్రభుత్వమువారి 14446 సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా సలహా దొరకునని ప్రతి కుటుంబమునకును తెలుపవలెను.

తల్లులకును, తండ్రులకును ప్రత్యేకముగా ఒక్క మాట. నేడు రాత్రి ఇంటికి పోయి మీ పిల్లలను పిలిచి యిట్లు చెప్పుడు: "ఏ వేళనైనను, ఏ తప్పు చేసినను, ఒళ్లు బాగుండనిచో మాకు ఫోను చేయుడు. మొదట ఆస్పత్రికి పోదము. తిట్టుట తరువాత చూచుకొందము." ఈ మాటకు ధనవ్యయము లేదు, పాండిత్యము అక్కఱలేదు. నా శిష్యుడు ఈ మాట ముందే చెప్పియుండినచో ఆ రెండు గంటలు మిగిలియుండెడివి. అతడే నాతో ఆ మాట యనెను.

నా మాటలలో పరుషత్వమున్న క్షమింపుడు. వృద్ధోపాధ్యాయుని మందలింపుగా స్వీకరింపుడు. మన బిడ్డలందఱు ఆరోగ్యవంతులై, సత్యవాదులై, చిరంజీవులై వర్ధిల్లుదురు గాక యని పరమేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.